కుండలోని మఱ్ఱి – కాపాడువాని ధర్మము

ఒక ప్రాణి సంపూర్ణముగా మన చేతిలో నున్నప్పుడు దానియెడ మన ధర్మమేమి? ఈ ప్రశ్న పైకి సులభముగా దోచును. ప్రేమింపవలెను, సేవింపవలెను, కాపాడవలెను అని వెంటనే సమాధానము వచ్చును. కాని ప్రేమించుచునే చంపువారు లోకమున కలరు. సేవించుచునే కృశింపజేయువారు కలరు. వారిలో దుష్టులు తక్కువ, మంచి మనసు గలవారే యెక్కువ. కావున ప్రశ్నను మఱికొంత లోతుగా అడుగవలసి యున్నది. సేవ యెక్కడ ముగియును? సేవించువాని అహంకారము ఎక్కడ ఆరంభమగును?

ఈ విచారమునకు ఒక చిన్న చెట్టును ఆధారముగా గైకొందును. చెట్టును చూపి తత్త్వమును బోధించుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతునిచే మఱ్ఱిపండును తెప్పించి, చీల్పించి, అందలి గింజను సయితము పగులగొట్టించి, కంటికి కానరాని సూక్ష్మమునుండియే యంతటి మహావృక్షము పుట్టుచున్నదని తెలిపెను. కఠోపనిషత్తును, గీతయందలి పదునైదవ అధ్యాయమును ఈ సంసారమును వేళ్లు పైకిని కొమ్మలు క్రిందికిని గల అశ్వత్థముగా వర్ణించినవి. నేను చెప్పబోవు చెట్టు ఆ మఱ్ఱి, రావి, జువ్వి, మేడి వంశములోనిదే. అయితే దాని యెత్తు అడుగున్నర. దాని భూమండలమంతయు జానెడు వెడల్పుగల ఒక పింగాణి పళ్లెరము.

ఇట్టి చెట్లను బోన్సాయి అందురు. పళ్లెరములో నాటినది అని ఆ జపానుపదమునకు అర్థము. ఈ విద్య చీనాదేశమున పుట్టి జపానునకు చేరినది. క్రీ. శ. 706లో నిర్మింపబడిన ఒక తాంగ్ రాజకుమారుని సమాధిలోని గోడచిత్రమున, చిన్న చెట్లుగల పళ్లెరమును చేతబట్టుకొని పోవు పరిచారకుడు నేటికిని కానవచ్చుచున్నాడు. ఇండ్లలో పెంచుటకు ఎక్కువగా వాడెడు జాతిని శాస్త్రజ్ఞులు ఫైకస్ మైక్రోకార్పా అందురు. చిన్న ఆకులు, బూడిదవన్నె బెరడు, మ్రానినుండి వ్రేలాడు ఊడలు, గిల్లినచో కారెడి తెల్లనిపాలు – అన్నియు మన మఱ్ఱిని జ్ఞప్తికి దెచ్చును. మన దేశము మొదలు దక్షిణ చీనా, ఆస్ట్రేలియాల వఱకు ఇది సహజముగా పెరుగును.

బదిలీపై దూరదేశమునకు పోవుచున్న భక్తుడొకరు అట్టి చెట్టును ఒక కార్తికమాసమున మా గ్రంథాలయమునకు ఇచ్చి వెళ్లిరి. వారి మేడపై ఎండలో అది పదేండ్లు పెరిగినది. నేను దానిని చదువుకొను బల్లపై, కిటికీకి ఎనిమిదడుగుల దూరమున ఉంచితిని. దాని పచ్చదనము పుస్తకముల నడుమ కన్నులకు హాయిగా నుండెను. పది దినములు గడువకమున్నే ఆకులు పసుపువన్నెకు తిరిగి రాలసాగెను. నేను భయపడి ప్రతి ఉదయమును నీరు పోసితిని. ఆకులు మఱింత రాలెను. సాయంకాలము కూడ పోసితిని. ఎరువు వేసితిని. ఒకనాడు కిటికీ దగ్గఱకు, మఱునాడు వరండాలోనికి, ఆ మఱునాడు తిరిగి బల్లపైకి మార్చితిని. మార్గశిరము ముగియునప్పటికి దానిపై ఇరువది ఆకులు కూడ మిగులలేదు. ఇంత శ్రద్ధ చూపుచున్నను ఇది యేల చచ్చుచున్నదని నాకు దానిపై ఒకవిధమైన కోపము కూడ వచ్చెను. ఆ కోపమును పాఠకులు గుర్తుంచుకొన గోరుదును. దాని మాట మఱల వచ్చును.

గోదావరితీరమున కడియపు నర్సరీలలో చిరకాలము పనిచేసిన యొక వృద్ధుడు ఆ దినములలో ఆశ్రమదర్శనమునకు వచ్చెను. ఆయన చెట్టును చూచి నన్నేమియు అడుగలేదు. గోటితో ఒక సన్నని కొమ్మపై బెరడును కొంచెము గీచెను. లోపల ఎండి గోధుమవన్నెగా నుండెను. మఱికొంత క్రిందుగా గీచెను; అక్కడ పచ్చగా నుండెను. మ్రాను గట్టిగానే యుండెను. పిమ్మట మెల్లగా చెట్టును పళ్లెరమునుండి పైకెత్తి మన్నును వాసన చూచెను. మురుగువాసన వచ్చెను. వేళ్లలో కొన్ని నల్లబడి, వ్రేళ్లతో నొక్కగనే పైతొక్క ఊడివచ్చుచుండెను. కొన్ని మాత్రము గట్టిగా, లేతవన్నెతో మిగిలియుండెను. ఆయన తలయెత్తి, "దీనికి దప్పిక లేదు, స్వామీ. ఊపిరి ఆడుట లేదు" అనెను.

ఆ మాటలోని శాస్త్రము ఇది. వేళ్లు నీటిని త్రాగుటయే కాదు, గాలిని కూడ పీల్చును. మన్నురేణువుల నడుమ నుండు సందులలో కొంత నీరును కొంత గాలియు నుండవలెను. ఆ సందులన్నియు ఎల్లప్పుడు నీటితోనే నిండియున్నచో వేళ్లకు ప్రాణవాయువు అందదు. అవి ఉక్కిరిబిక్కిరియై చచ్చును. చచ్చినవానిని బూజు ఆవరించును. కుళ్లిన వేరు నీటిని పైకి పంపజాలదు. కావున చుట్టు నీరున్నను ఆకులు దప్పికగొన్నట్లే వ్రేలాడును. చూచువాడు దప్పికయే యనుకొని మఱింత నీరు పోయును. ఆకులు తగ్గినకొలది చెట్టు వాడుకొను నీరును తగ్గును. కాని పోయువాని చేయి తగ్గదు. ఇట్లు రోగచిహ్నమును చూచియే రోగమును పెంచు చక్రము తిరుగసాగును.

ఇక మొదటి ఆకులు రాలుట యసలు రోగమే కాదట. ఎండలో పుట్టిన ఆకు ఎండకు తగినట్లు నిర్మాణమైనది. గదిలోని మసక వెలుగున అది తన్ను తాను పోషించుకొనజాలదు. చోటు మారినప్పుడు ఈ జాతిచెట్లు పాత ఆకులను వదలి, క్రొత్తచోటికి తగిన ఆకులను మెల్లగా తొడుగుకొనును. కిటికీనుండి కొలదియడుగులు లోనికి పోగానే వెలుగు ఎంతయో తగ్గిపోవును; మన కన్ను తన్ను తాను సర్దుకొనును గావున మనకు ఆ భేదము తెలియదు. చెట్టు మాత్రము దానిని ఎఱుగును. అది సర్దుకొనుటకు వ్యవధి కోరుచుండగా, నేను దానిని మరణమని భ్రమించి వైద్యము మొదలుపెట్టితిని. ఆ వైద్యమే నిజమైన రోగమయ్యెను.

"ఊపిరి ఆడుట లేదు" అన్న మాటను నేను అంతకుముందొకసారి వినియుంటిని. అది చెప్పకున్న ఈ వ్యాసము వ్రాయుటలో న్యాయము లేదు.

పూర్వమొకప్పుడు నేను బాలుర వసతిగృహమొకదానికి బాధ్యుడనై యుంటిని. మన్యపు పల్లెనుండి పదునొకండేండ్ల బాలుడొకడు వచ్చి చేరెను. చుఱుకైనవాడు. వచ్చిన నెలలోపలనే వాని మాటలు తగ్గెను, తిండి తగ్గెను, చదువు మందగించెను. నాకు వానిపై నిజముగా ప్రేమ కలదు. కావున రాత్రులు ప్రత్యేకముగా పాఠము చెప్పితిని. వేకువనే లేపి ధ్యానమునకు కూర్చుండబెట్టితిని. ప్రతి సాయంకాలమును పిలిచి ఎట్లున్నావని అడిగి హితబోధ చేసితిని. వాడు మఱింత ముడుచుకొనెను. నేను బోధను రెట్టింపు చేసితిని. ఇంత చేయుచున్నను వీడేల బాగుపడడని నాకు కోపము వచ్చెను. సంక్రాంతి సెలవులకు పోయిన ఆ బాలుడు మఱి తిరిగి రాలేదు. పెట్టెను తీసికొనిపోవుటకు వచ్చిన తండ్రి చేతులు జోడించి, "తమ లోపమేమియు లేదు, స్వామీ. వానికిక్కడ ఊపిరి ఆడలేదట" అనెను. అప్పుడు నేను దానిని పల్లెవాని మాటగా తీసికొని మఱచితిని. వృద్ధుని నోట అదియే మాట వినగా, నా చేతిలోని నీటిపాత్రను క్రింద పెట్టితిని.

రెండు సందర్భములందును నా కోపము ఒక్కటియే. అదియే నాకు ముఖ్యమైన సాక్ష్యము. శుద్ధమైన సేవకు ఫలము రానప్పుడు సేవకునికి దుఃఖము కలుగవచ్చును, కోపము కలుగదు. కోపము కలిగినదనగా, నేను కోరినది ఆ ప్రాణియొక్క క్షేమము మాత్రమే కాదు. నావలన క్షేమము కలిగినదను తృప్తి కూడ. వాడు బాగుపడకుండుట నాకు అవమానముగా దోచెను. ఆ అవమానమును బాపుకొనుటకే మఱింత నీరు, మఱింత బోధ. ఎదుటివాని అవసరమును చూచు కన్ను అప్పటికే మూతపడియుండెను.

పతంజలి యోగసూత్రములందు నాల్గవ పాదమున ఒక రైతు ఉపమానము కలదు. రైతు నీటిని తన చేతులతో ఈడ్చి పొలములోనికి పాఱించడు, గట్టును త్రెంచును, నీరు తన స్వభావముననుసరించి తానే పాఱును. ప్రకృతిలోని పూర్ణత్వమును మనము తెచ్చిపెట్టుట లేదు, అడ్డు తొలగించుచున్నామని దాని భావము. స్వామి వివేకానందులు విద్యనుగుఱించి చెప్పినప్పుడు ఈ తత్త్వమునే మొక్కకు అన్వయించిరి. మొక్కను మనము పెంచజాలము, అది తానే పెరుగును. బిడ్డ కూడ తానే నేర్చుకొనును. ఆటంకములను తీయుటయే మన పని అని వారి బోధ. ఈ మాటలను నేను ఆంధ్రీకరించియుంటిని, ఉపన్యసించియుంటిని. చేతితో మాత్రము నేర్చుకొనలేదు.

ఆ మాఘమాసమున వృద్ధుడు చూపిన విధానము ఈ బోధకు భాష్యమువంటిది. కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తితో గట్టివేరు కనబడువఱకు తీసివేసితిమి. మంచి వేరును ఒక్కదానినైనను తాకలేదు. బంకమన్నును తొలగించి, జల్లించిన ఇటుకముక్కలు, ముతక ఇసుక, కొలదిగా ఆకుల ఎరువు కలిపిన మన్నులో నాటితిమి. అది నీటిని కొంత పట్టి ఉంచును, మిగిలినదానిని వదలివేయును, గాలికి సందునిచ్చును. పళ్లెరపు అడుగు రంధ్రములు తెఱచియున్నవో లేవో చూచితిమి. వేళ్లు తక్కువైన చెట్టు ఆకులకు చాలినంత తేమను పంపజాలదు గనుక దానిపై పలుచని ప్లాస్టిక్ సంచిని వదులుగా కప్పి, దినమున కొంతసేపు తీసి గాలి తగులనిచ్చితిమి. వెలుతురు మెండుగా నుండి తీక్ష్ణమైన ఎండ సోకని తూర్పు వరండాలో దానికొక చోటు నిర్ణయించితిమి. ఇవన్నియు ఒక్క పూటలో ముగిసినవి.

అటు పిమ్మట కఠినమైన సాధన ప్రారంభమైనది. ఏమియు చేయకుండుటయే ఆ సాధన. సన్నని వెదురుపుల్లను మంటిలో గ్రుచ్చి తీసి, అది తడిగా నున్నచో ఆనాడు నీరు పోయరాదు. పైమన్ను ఆఱినప్పుడు మాత్రము అడుగున కారువఱకు నిండుగా పోసి, మఱల ఆఱువఱకు ఆగవలెను. ఎరువు వేయరాదు, గాయపడిన వేళ్లకు ఎరువులోని లవణములు ఆహారము కావు, మంట. కొమ్మలను కత్తిరింపరాదు, తీగతో వంపరాదు. చోటు మార్చరాదు. వేళ్లు పట్టినవో లేవో అని పెఱికి చూడరాదు. ఈ నిషేధములలో నీరు పోయకుండుట నాకు అన్నిటికంటె కష్టమయ్యెను. ప్రతి ఉదయమును చేయి పాత్రవైపు పోవుచుండెను. ఉపవాసమున నోటిని నిగ్రహించుట నాకు అలవాటే. ఈ చేతిని నిగ్రహించుట అలవాటు లేదు. దానము చేయవలెనను కోరిక కూడ కోరికయే యని, దానికిని దమము కావలెనని అప్పుడు తెలిసినది.

ఇక్కడ ఒక పూర్వపక్షమును పరిశీలింపవలెను. ఊరికే యుండుటయే ధర్మమైనచో ఉపేక్షకును దయకును భేదమేమి? ఆలస్యముతో వదలివేసినవాడు కూడ నీరు పోయడు గదా? భేదము కలదు. ఉపేక్షించువాడు చూడడు. దయగలవాడు ప్రతిదినమును చూచును, పుల్లను గ్రుచ్చి తెలిసికొనును, తెలిసికొని ఆగును. అతడు ఆగుట కూడ కర్మయే. అవసరము వచ్చిన గడియలోనే అతని చేయి కదలును. నీరు పోయనినాడు కూడ నేను ఆ చెట్టుకడకు పోవుచునే యుంటిని. బాలుని విషయమున నేను ప్రతి సాయంకాలమును మాటలాడితిని, ఒక్కనాడైనను చూడలేదు.

రెండవ ఆక్షేపణ మఱింత గంభీరమైనది. ఆకాశమంత పెరుగవలసిన చెట్టును పళ్లెరములో బంధించుటయే హింస గదా? బంధించిన తరువాత దయనుగుఱించి మాటలాడుట కపటము కాదా? ఇందులో కొంత సత్యము కలదు; దానిని త్రోసిపుచ్చరాదు. అయితే చిన్నదనమే హింస యనుట సరికాదు. మన గుడిగోపురముల పగుళ్లలో పిడికెడు దుమ్మును ఆధారముగా జేసికొని రావి మొలకలు ఏండ్లతరబడి చిన్నవిగానే నిలిచియుండుట అందఱును చూచినదే. పళ్లెరములోని చెట్టు ఆకలితో చిన్నది కాలేదు. వేళ్లను, కొమ్మలను తగిన కాలమున కత్తిరించుటచే చిన్నదైనది. చక్కగా పోషింపబడినచో మనుష్యుని ఆయువును మించి జీవించును. హింస మఱొకచోట నున్నది. అడవిలోని చెట్టు వేరును చాచి నీటిని వెదకుకొనును. పళ్లెరములోని చెట్టునుండి ఆ స్వాతంత్ర్యమును మనము తీసివేసితిమి. తీసివేసిన క్షణముననే అది వెదకుకొనవలసినదంతయు మన ఋణమైనది. ఎవడు ఒక ప్రాణిని తనపై ఆధారపడునట్లు చేయునో, వానికి సెలవుదినము లేదు. శిష్యుని చేర్చుకొన్న గురువునకు, బిడ్డను కన్న తల్లిదండ్రులకు, వృద్ధురాలైన తల్లిని పల్లెనుండి తన పట్టణపు టింటికి తెచ్చుకొన్న కుమారునికి ఇదియే న్యాయము.

ఈ ఋణమును తరతరములుగా తీర్చిన వారును కలరు. 1625 నుండి పెంపబడుచు, హిరోషిమాలో యామాకి వంశీయుల యింట నుండిన ఒక తెల్ల పైను బోన్సాయి కలదు. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు అది పేలుడుచోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరమున, తోటగోడ చాటున నుండి బ్రదికెను. 1976లో మసారు యామాకి దానిని అమెరికా ప్రజలకు కానుకగా నిచ్చెను. ఆ చెట్టు అనుభవించినదానిని అక్కడి సంరక్షకులు 2001లో ఆయన మనుమలు చూడవచ్చి చెప్పువఱకు ఎఱుగరు. నేడది వాషింగ్టను నగరమందలి జాతీయ వృక్షోద్యానమున నున్నది. దాదాపు నాలుగువందల సంవత్సరములు ఎందఱి చేతులు దానికి నీరు పోసినవో! వారిలో ఎవరును దాని ఆరంభమును అంతమును రెండింటిని చూడలేదు. తన వంతు దినములలో తడియాఱినదా లేదా అని చూచి, తరువాతివానికి అప్పగించి పోయిరి. నిష్కామకర్మకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతమును నేను వెదకజాలను.

రక్షణకు కూడ కాలపరిమితి కలదని మఱువరాదు. దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు పంచవటిని నెలకొల్పినప్పుడు రావిమొక్కను స్వహస్తములతో నాటిరి. పశువులు మొక్కలను పాడుచేయుచుండగా, గంగ పోటున కొట్టుకొనివచ్చిన కఱ్ఱలతోను త్రాళ్లతోను తోటమాలి సాయమున కంచె కట్టించిరి. సాధకులకు కూడ వారీ దృష్టాంతమునే చెప్పెడివారు: లేతమొక్కకు కంచె కావలెను, మ్రాను బలిసిన పిదప దానికి ఏనుగును కట్టినను భయము లేదని. కంచె వేయుట ప్రేమ. తీయవలసిననాడు తీయుటయు ప్రేమయే. నా చెట్టుపై కప్పిన సంచిని కూడ చిగురు వచ్చిన పిదప ఒక్కసారిగా కాక, దినమునకు కొంత కొంతగా తీయవలసి వచ్చెను. ఒక్కసారిగా తీసినచో లేత ఆకు వాడును. ఎన్నడును తీయకున్నచో బూజుపట్టును.

చిగురు వచ్చినదా యని పాఠకులు అడుగుదురు. వచ్చినది. ఉగాదికి కొలదిదినములు ముందు, ఎండిన కొమ్మకు అంగుళము క్రిందుగా, ముసలిబెరడునుండి సూదిమొనవంటి మొగ్గ పైకి వచ్చెను. అది ఎన్నియేండ్లుగా అక్కడ నిద్రించుచుండెనో! రెండు కొమ్మలు మాత్రము చచ్చినవి. వానిని మఱల బ్రదికించు ఉపాయము లేదు. చెట్టు పూర్వపు ఆకారము పోయినది. ఒక ప్రక్క ఖాళీగా నున్నది. రెండు వర్షర్తువులు కత్తిరింపక స్వేచ్ఛగా పెరుగనిచ్చితిమి. చూచువారికి అది అందముగా లేదు, ఆరోగ్యముగా నున్నది.

బాలుడు తిరిగి రాలేదు. నేర్చుకొన్న పాఠము ఎవరివలన నేర్చుకొంటిమో వారికి ఎల్లప్పుడు ఉపకరింపదు. ఈ దుఃఖమునకు సమాధానముగా కర్మసిద్ధాంతమును చెప్పుకొని నిద్రించుట నాకు ఇష్టము లేదు. తరువాత వచ్చు బాలునికి ఆ ఋణమును చెల్లింపవలెను. క్రొత్తగా చేరిన విద్యార్థి మౌనముగా నున్నచో, వాడు ఆకులు రాల్చుచున్నాడా, వేళ్లు కుళ్లుచున్నవా అని మొదట చూడవలెను. మొదటిదైనచో వానికి వెలుగుగల చోటునిచ్చి కాలమునియ్యవలెను. రెండవదైనచో మన బోధయనెడి నీటిని తగ్గించి వానికి గాలి యాడునట్లు చేయవలెను. చూడకుండ ఏదియు చేయరాదు.

ఇంటింట ఎవరో ఒకరు మన చేతిలో నున్నారు: పసిబిడ్డ, వృద్ధుడు, రోగి, పనివాడు, పశువు, తులసికోటలోని మొక్క. వారికి మనము చేయుదానినిగుఱించి ప్రతి రాత్రియు రెండు ప్రశ్నలు వేసికొనుట మేలు. నేడు నేను ఇచ్చినది వారికి కావలసినదా, నాకు ఇయ్యవలసినదా? వారు బాగుపడనప్పుడు నాకు కలిగినది దుఃఖమా, కోపమా? సమాధానము నిజాయితీగా చెప్పుకొనగలిగిననాడు మన చేయి ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు ఆగవలెనో దానికే తెలియును. ప్రాణము పోసెడివాడు పరమేశ్వరుడు. మన్నును గుల్లగా నుంచుటయే మన పాలికి వచ్చిన పని. అది చాల గొప్ప పని.